ఆ కాంతి చల్లారింది... శక్తి ఏమైంది?

శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం. ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చగలం... అంతే! హైస్కూలు గడప తొక్కిన ప్రతి ఒక్కరూ చదువుకున్న నియమమిది. కానీ విశ్వం మొత్తాన్నీ ఒకే చిట్టాలో రాసి చూస్తే జమకీ ఖర్చుకీ పొంతన కుదరదు. తేడా కాస్తో కూస్తో కూడా కాదు, వెయ్యి రూపాయలకి రూపాయైనా మిగలనంత! మరి తప్పు నియమానిదా, లెక్కదా?

కట్టెలో దాగిన శక్తి పొయ్యిలో మంటై ఎసరు మరిగిస్తుంది. ఆ అన్నంలోని శక్తి కండల్లోకి చేరి బరువులెత్తిస్తుంది. రిజర్వాయర్‌లో ఎత్తున నిలిచిన నీటి శక్తి టర్బైన్ తిప్పి, తీగల వెంట నడిచొచ్చి ఇంట్లో ఫ్యానై తిరుగుతుంది. దారిలో కొంత వేడిగా జారిపోయినా ఆ వేడినీ కలిపి లెక్కేస్తే మొదట ఎంత ఉందో చివరికీ అంతే. దీన్నే శక్తి నిత్యత్వ నియమం అంటారు.

భౌతికశాస్త్రంలో ఇంతగా నమ్మకం సంపాదించుకున్న నియమాలు చాలా తక్కువ. కొన్ని పరమాణు కేంద్రకాలు విచ్ఛిన్నమయ్యేటప్పుడు శక్తి లెక్క కాస్త తగ్గుతున్నట్టు ఒకప్పుడు ప్రయోగాల్లో తేలింది. అయినా 1930లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ నియమాన్ని అనుమానించలేదు. కంటికి కనబడని కణమేదో ఆ కాస్త శక్తినీ పట్టుకుపోతోందన్నాడు. ఇరవయ్యారేళ్ల తర్వాత, 1956లో ఆ కణం దొరికింది. అదే న్యూట్రినో. అలా ప్రతిసారీ గెలుస్తూ వచ్చిన నియమమిది.

అలాంటిదానికి విశ్వం స్థాయిలో ఓ చిక్కు వచ్చిపడింది. దానికి సాక్ష్యం ఒకప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ కనబడేది, ఎవరూ గుర్తించలేదంతే!

టీవీ చుక్కల్లో పాత వెలుగు

డాబా మీద యాంటెన్నా ఉన్న రోజుల్లో ఛానెల్ రాకపోతే తెర నిండా తెల్లచుక్కలు బుసబుసమంటూ కదిలేవి. ఆ చుక్కల్లో సుమారు నూటికి ఒకటి ఏ తుపానుదో, పక్కింటి మోటారుదో కాదు. విశ్వం పసిగా ఉన్నప్పుడు బయల్దేరిన కాంతిది.

దాన్ని మొదట పట్టుకున్నది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే అర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్. 1964లో న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో కొమ్ము ఆకారపు పెద్ద యాంటెన్నాని ఆకాశంవైపు తిప్పితే ఎటు చూసినా ఒకేలాంటి సన్నటి రొద. యాంటెన్నాలో కాపురం పెట్టిన పావురాలని వెళ్లగొట్టారు, రెట్టలు కడిగారు. అయినా రొద పోలేదు. 1965లో అసలు సంగతి తేలింది: అది బిగ్‌బ్యాంగ్ నాటి కాంతి! 1978లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. ఈ కాంతి బయల్దేరింది విశ్వానికి సుమారు 3 లక్షల 80 వేల ఏళ్ల వయసప్పుడు. అప్పుడు విశ్వం ఉష్ణోగ్రత సుమారు 3,000 కెల్విన్లు, అంటే పాతకాలపు ఫిలమెంటు బల్బులో తీగ ఎంత వేడిగా ఉంటుందో ఇంచుమించు అంత. ఇప్పుడు అదే కాంతి ఉష్ణోగ్రత 2.725 కెల్విన్లు, అంటే సున్నాకి దిగువన 270 డిగ్రీల సెల్సియస్! ఈ మధ్యలో విశ్వం పొడవునా, అడ్డంగా, నిలువునా సుమారు 1,100 రెట్లు సాగింది. దాంతోపాటు కాంతి అలలూ అంతే సాగాయి. అల ఎంత పొడవైతే ఆ కాంతిరేణువు శక్తి అంత తక్కువ. అంటే అప్పుడు 1,100 రూపాయలతో ఇంట్లోంచి బయల్దేరిన మనిషి ఇక్కడికొచ్చేసరికి జేబులో ఒకే ఒక్క రూపాయి ఉందన్నమాట. దారిలో ఖర్చుపెట్టిందీ లేదు, దొంగలు దోచిందీ లేదు!

పోనీ కాంతిరేణువుల సంఖ్య పెరిగి సరిపోయిందా అంటే అదీ లేదు. వాటి సంఖ్య దాదాపు మారలేదు. ఇప్పటికీ ఘనపు సెంటీమీటరుకి సుమారు 411 ఉన్నాయి. టీ చెంచాలో పట్టేంత చోటులో రెండువేలు! ఒక్కోదాని శక్తీ 1,100వ వంతుకి పడిపోయింది. మిగతాది ఎక్కడికి పోయినట్టు?

టైరులో గాలి వేరు, విశ్వం వేరు

ఈ ప్రశ్నకి చప్పున తట్టే జవాబు ఒకటుంది. సైకిల్ టైరు వాల్వు నొక్కితే బుస్సుమని వచ్చే గాలి వేలికి చల్లగా తగులుతుంది. వ్యాకోచించే వాయువు చల్లబడుతుంది. ఇంజిన్ సిలిండర్లోనూ అంతే... వేడి వాయువు పిస్టన్‌ని తోస్తుంది, తోసినందుకు తన శక్తిని కొంత పోగొట్టుకుంటుంది, ఆ శక్తి పిస్టన్‌కి చేరుతుంది. విశ్వంలోని కాంతి కూడా అలాగే వ్యాకోచించి చల్లబడిందని సరిపెట్టుకోవచ్చుగా?

అక్కడే ఉంది తిరకాసు. సమీకరణం మటుకు అచ్చం అదే. కానీ ఇంజిన్‌కి పిస్టన్ ఉంది, పిస్టన్ అవతల చక్రం ఉంది. వాయువు పోగొట్టుకున్నదాన్ని చక్రం అందుకుంటుంది. విశ్వానికి గోడలెక్కడివి? అవతల ఎవరున్నారు అందుకోవడానికి? ఖర్చు రాశారు, జమ రాయడానికి రెండో ఖాతాయే లేదు.

దీనికి జవాబు కావాలంటే అసలు ఈ నియమం ఎందుకు పనిచేస్తుందో తెలియాలి. 19వ శతాబ్దంలో దాన్ని కనిపెట్టినవాళ్లకి ఆ సంగతి తెలీదు. జావా వెళ్లే ఓడలో డాక్టరుగా పనిచేసిన జర్మన్ రాబర్ట్ మేయర్, మాంచెస్టర్‌లో బీరు తయారుచేసే కుటుంబానికి చెందిన జేమ్స్ జూల్, ఆ తర్వాత 1847లో హెల్మ్‌హోల్ట్జ్... వీళ్లంతా శక్తి లెక్క ఎప్పుడూ తేలుతుందని చూపించారు. ఎందుకు తేలుతుందో చెప్పడానికి మరో డెబ్భై ఏళ్లు పట్టింది. చెప్పిందెవరో తెలుసా? జీతమైనా ఇవ్వకుండా విశ్వవిద్యాలయం పనిచేయించుకున్న ఓ మహిళ!

గొట్టింగెన్‌లో జీతంలేని పంతులమ్మ

ఎమ్మీ నోథర్ 1882లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టింది. తండ్రి గణిత ఆచార్యుడు. ఆవిడ కాలేజీ వయసుకి వచ్చేసరికి అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలు పాఠాలు వినొచ్చు, అదీ పంతులు ఒప్పుకుంటేనే. అలాగే చదివి 1907లో డాక్టరేట్ తెచ్చుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పైసా జీతం లేకుండా అక్కడే పనిచేసింది.

1915లో గొట్టింగెన్ నుంచి పిలుపొచ్చింది. పిలిచింది డేవిడ్ హిల్బర్ట్, ఫెలిక్స్ క్లైన్. ఆనాటి గణితానికి పెద్దదిక్కులు! అదే ఏడాది నవంబరులో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం పూర్తిచేశాడు. గురుత్వాకర్షణ అంటే వస్తువుల మధ్య లాగుడు కాదు, స్థలకాలాల వంపు అని చెప్పే సిద్ధాంతమది. చూడముచ్చటగా ఉంది. కానీ అందులో శక్తి నిత్యత్వం మాత్రం పాత సిద్ధాంతాల్లోలా ఇమడటం లేదు. హిల్బర్ట్‌ని ఈ చిక్కే వేధించింది. దాన్ని విప్పడానికి నోథర్ ప్రావీణ్యం సరిగ్గా సరిపోయింది.

ఆవిడకి ఉద్యోగం ఇవ్వడానికి మాత్రం సాటి ఆచార్యుల్లో కొందరు ససేమిరా అన్నారు. ఇది విశ్వవిద్యాలయమేగానీ స్నానశాల కాదు కదా, ఆడా మగా తేడా ఎందుకని హిల్బర్ట్ కసురుకున్నాడని చెప్పుకుంటారు. ఫలితం లేకపోయింది. దాంతో హిల్బర్ట్ పేరుమీద పాఠాలు ప్రకటించడం, చెప్పేది మాత్రం నోథర్! 1918లో ఆవిడ సిద్ధాంతాన్ని గొట్టింగెన్ విజ్ఞాన సంఘానికి సమర్పించింది కూడా క్లైనే. ఎందుకంటే ఆవిడ అందులో సభ్యురాలు కాదు.

ఆ సిద్ధాంతం చెప్పేది వింటే ఇంత సులువా అనిపిస్తుంది. ప్రకృతిలో ఏదైనా మారకుండా నిలిచి ఉందంటే దాని వెనక ఒక సమానత్వం ఉంటుంది. ఇవాళ చేసిన ప్రయోగం రేపు చేసినా అదే ఫలితం వస్తే, అంటే కాలం గడిచినా పరిస్థితి మారకపోతే, శక్తి నిలిచి ఉంటుంది. శక్తి నిత్యత్వానికి మూలం అదే!

రాత్రికో బరువు, పగలుకో బరువు

ఈ సంగతి నాగార్జునసాగర్ దగ్గర నిలబడి ఆలోచిస్తే ఇంకా తేలిక. సాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోనూ రెండువైపులా తిరిగే టర్బైన్లు ఉన్నాయి. కరెంటు వాడకం తక్కువున్న వేళ దిగువ నీటిని వెనక్కి పైకి తోడతాయి. అవసరం ఎక్కువున్న వేళ అదే నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తాయి. తోడటానికి పట్టిన కరెంటుకన్నా తిరిగొచ్చేది ఎప్పుడూ కాస్త తక్కువే.

ఒక్కసారి ఊహించండి... భూమి ఆకర్షణ రాత్రిపూట సగమైపోయి, తెల్లారేసరికి మళ్లీ మామూలైతే? రాత్రి సగం కరెంటుతో నీళ్లు తోడేయొచ్చు, పగలు పూర్తి కరెంటు తీసుకోవచ్చు. రోజూ ఉత్తపుణ్యానికి లాభం! శక్తి నిత్యత్వం గంగలో కలిసిపోయినట్టే. అలా జరగడం లేదంటే కారణం రాత్రికీ పగలుకీ ఆకర్షణ మారకపోవడమే.

ఇప్పుడు విశ్వం సంగతి చూడండి. 1922లో అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్, 1927లో జార్జ్ లెమైత్ర్ విశ్వం సాగుతూ ఉండొచ్చని లెక్కలు కట్టారు. 1929లో ఎడ్విన్ హబుల్ దూరపు గెలాక్సీలు మరింత వేగంగా దూరమవుతున్నాయని పరిశీలనల్లో చూపాడు. అంటే నిన్నటి విశ్వం, నేటి విశ్వం ఒకటి కాదు. నిన్న కాస్త చిన్నది, నేడు కాస్త పెద్దది. నోథర్ పెట్టిన షరతే ఇక్కడ తప్పింది. షరతు తప్పినచోట నియమం వర్తించదు. లెక్క తేలకపోవడం వింత కాదు, తేలాలని అడిగే హక్కు మనకి లేదు!

సాపేక్ష సిద్ధాంతం లాంటిచోట పాతతరహా శక్తి నియమాన్ని ఆశించలేమన్న హిల్బర్ట్ మాటకి నోథర్ ఆ 1918 వ్యాసంలోనే గణిత నిరూపణ ఇచ్చింది. విశ్వం సాగుతోందన్న సంగతి బయటపడక ముందే!

ఒకే లెక్క... మూడు మాటలు

మరి పోయిన శక్తి గురించి ఇవాళ్టి శాస్త్రవేత్తలు ఏమంటారు? ముగ్గుర్ని అడిగితే మూడు జవాబులు వస్తాయి.

మొదటి జవాబు: పోయింది, అంతే. సాగే విశ్వం మొత్తానికి కలిపి శక్తి నియమం లేదు కాబట్టి ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకి అర్థం లేదు.

రెండో జవాబు: గురుత్వాకర్షణ పేరుమీద ఇంకో ఖాతా తెరిస్తే సరి. కాంతి పోగొట్టుకున్నది అక్కడ జమ అవుతుంది. విశ్వంలోని పదార్థం శక్తి ధన సంఖ్యైతే ఆకర్షణ శక్తి రుణ సంఖ్య అనీ, రెండూ కలిస్తే సున్నా అనీ 1973లో ఎడ్వర్డ్ ట్రయాన్ సూచించాడు. స్టీఫెన్ హాకింగ్ ఈ ఆలోచనని సామాన్య పాఠకుల దాకా తీసుకెళ్లాడు. వినడానికి బాగుంది. కానీ ఈ ఖాతాకో లోపం ఉంది. తీగ తెగి పడిపోతున్న లిఫ్టులో మనిషికి తన బరువే తెలియదు. అంటే చూసే పద్ధతి మారిస్తే ఏ ఒక్క చోటైనా ఆకర్షణని మాయం చేయొచ్చు. అలాంటప్పుడు ఈ గదిలో ఆకర్షణ శక్తి ఇంత అని ఎలా రాస్తారు? రాయలేరు. ఒకరు రాసిన అంకె ఇంకొకరు రాసిన అంకెతో కలవదు.

మూడో జవాబు: కాంతి దారిలో ఏమీ పోగొట్టుకోలేదు. కొలిచేవాళ్లు మారారు. స్టేషన్ దాటి దూరంగా వెళ్లే రైలు కూత బొంగురుగా వినిపిస్తుంది. ఇంజిన్లో డ్రైవర్‌కి మాత్రం మామూలుగానే ఉంటుంది. కూత మారలేదు, విన్నవాళ్ల స్థితి వేరు. అలాగే కాంతి బయల్దేరిన చోటికీ మనకీ మధ్య దూరం పెరుగుతోంది కాబట్టి మనకి బలహీనంగా తగులుతుంది. ఆస్ట్రేలియాకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త తమారా డేవిస్ 2010లో ఈ వాదాన్ని సామాన్యులకి విడమరిచి చెప్పారు.

తమాషా ఏమిటంటే ఈ మూడు వర్గాలూ వాడే సమీకరణాలు ఒకటే. టెలిస్కోపులో కనబడేదేమిటో ముగ్గురూ ఒకేలా చెబుతారు. తగాదా అంతా శక్తి అన్న మాటని దేనికి వాడాలన్న దగ్గరే.

ఇక్కడ పోతే... అక్కడ పుడుతోంది!

కాంతి సంగతి నష్టం. విశ్వంలో లాభం వచ్చే పద్దు కూడా ఒకటుంది. 1998లో రెండు బృందాలు దూరపు సూపర్‌నోవాలని పరిశీలించి, విశ్వం సాగే వేగం తగ్గడం లేదు, పెరుగుతోందని ప్రకటించాయి. ఆ పరిశోధనలకి సాల్ పెర్ల్‌మట్టర్, బ్రయాన్ ష్మిట్, ఆడమ్ రీస్‌లకి 2011లో నోబెల్ ఇచ్చారు. ఈ తోపుకి కారణమైనదానికి డార్క్ ఎనర్జీ అని పేరు. విశ్వంలోని సరుకంతా తూకం వేస్తే నూటికి సుమారు 68 వంతులు అదే.

దాని గురించిన అతి సరళమైన లెక్క ప్రకారం ఖాళీ చోటు ఎంత పెరిగినా ఘనపు మీటరుకి ఉండే డార్క్ ఎనర్జీ మారదు. చాలా కొద్దిపాటిదే... మూడు నాలుగు హైడ్రోజన్ పరమాణువుల బరువుతో సమానం. పాలల్లో నీళ్లు కలిపితే పలచనవుతాయి. ఇది మాత్రం ఎన్ని నీళ్లు పోసినా పలచబడని పాలు! విశ్వం రెట్టింపైతే ఇదీ రెట్టింపవుతుంది.

అయితే కాంతి పోగొట్టుకున్నదే ఇక్కడ జమ అవుతోందా? అలాగైతే ఎంత బాగుండు! కానీ అంకెలు కలవవు. ఆ తొలి కాంతి బయల్దేరిన నాటి నుంచి లెక్కిస్తే, కాంతి పోగొట్టుకున్నదానికి పదింతలు పైనే డార్క్ ఎనర్జీ ఖాతాలో చేరింది.

శూన్యంలోంచి కొత్త సరుకు పుట్టడమన్న ఆలోచన కొత్తదేం కాదు. 1948లో ఫ్రెడ్ హాయిల్, హెర్మన్ బాండీ, థామస్ గోల్డ్ విశ్వానికి పుట్టుకే లేదనీ, అది సాగేకొద్దీ ఖాళీల్లో కొత్త పదార్థం పుడుతూ ఉంటుందనీ వాదించారు. శక్తి ఎక్కణ్నుంచి వస్తుందని అందరూ నిలదీశారు. 1960ల్లో హాయిల్, ఆయన శిష్యుడు జయంత్ నార్లీకర్ దానికి జవాబుగా రుణశక్తి ఉన్న ఒక క్షేత్రాన్ని ప్రతిపాదించారు. పదార్థం పుట్టిన మేరకు ఆ క్షేత్రం అప్పులోకి దిగుతుంది, మొత్తం లెక్క సరిపోతుంది! పెంజియాస్, విల్సన్‌ల ఆవిష్కరణతో ఆ సిద్ధాంతం వెనకబడిపోయింది. తర్వాతి కాలంలో పుణెలో ఐయూకా సంస్థని తీర్చిదిద్దిన నార్లీకర్ 2025 మే నెలలో కన్నుమూసేదాకా బిగ్‌బ్యాంగ్‌ని ప్రశ్నిస్తూనే ఉన్నారు. పదార్థం విషయంలో ఆ వాదం నిలవలేదు. కానీ సాగినా సాంద్రత తగ్గకపోవడమన్న గుణం డార్క్ ఎనర్జీ రూపంలో మళ్లీ తలెత్తింది.

మన ఇంట్లో ఢోకా లేదు

విశ్వంలో శక్తి నిలవదని తేలింది కాబట్టి పెట్రోలు లేకుండా నడిచే బండి, కరెంటు లేకుండా తిరిగే మోటారు వచ్చేస్తాయా? రావు. అలాంటి యంత్రం కనిపెట్టామంటూ పెట్టుబడి అడిగేవాళ్లని ఇప్పటికీ నమ్మనక్కర్లేదు.

ఎందుకంటే విశ్వం సాగడం గెలాక్సీల మధ్యన ఉన్న మహా దూరాల్లోనే. ఇల్లు, భూమి, సౌర కుటుంబం, మన పాలపుంత... ఇవన్నీ ఆకర్షణతోనో, విద్యుత్ బలాలతోనో గట్టిగా కట్టిపడి ఉన్నాయి, సాగవు. విశ్వం ఇప్పుడు సాగుతున్న వేగమూ వంద కోట్ల ఏళ్లకి సుమారు 7 శాతం. ప్రయోగశాలలో ఆ మార్పు లెక్కలోకే రాదు. నిన్నటికీ నేటికీ తేడా లేనిచోట నోథర్ షరతు నిలిచే ఉంది, నియమమూ నిలిచే ఉంది.

సాపేక్ష సిద్ధాంతం కూడా చిన్న చోటుల్లో లెక్కని వదిలిపెట్టదు. ఏ బిందువు దగ్గర చూసినా వచ్చినదెంతో పోయినదెంతో కచ్చితంగా తేలాల్సిందే. పొరుగు వీధుల లెక్కలన్నీ సరిగ్గానే ఉంటాయి, ఊరంతటికీ కలిపి ఒక మొత్తం వేయబోతేనే కుదరదు. మిగతావాటికి దూరంగా ఒంటరిగా ఉన్న వస్తువులకైతే మొత్తం కూడా తేలుతుంది. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు రెండు కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలని పట్టుకున్నాయి. సూర్యుడికి సుమారు 36 రెట్లు, 29 రెట్లు బరువున్న ఆ రెండూ కలిసి 62 రెట్ల బరువున్న ఒకటయ్యాయి. తగ్గిన మూడు సూర్యుళ్ల బరువూ తరంగాల రూపంలో శక్తిగా వెళ్లిపోయింది. లెక్క సరిపోయింది!

ఇంకా తేలాల్సింది

ఎమ్మీ నోథర్‌కి 1919లో తన పేరుమీద పాఠాలు చెప్పే అనుమతి దొరికింది. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే యూదు మహిళ కావడంతో ఆవిడని తొలగించారు. అమెరికాలోని బ్రిన్‌మార్ మహిళా కళాశాల చేరదీసింది. శస్త్రచికిత్స తర్వాత 1935 ఏప్రిల్ 14న, 53 ఏళ్లకే కన్నుమూసింది. ఆవిడ ప్రతిభని కొనియాడుతూ ఐన్‌స్టీన్ న్యూయార్క్ టైమ్స్‌కి లేఖ రాశాడు.

ఆవిడ చూపిన దారిలోనే ఇవాళ్టి పెద్ద ప్రశ్న నడుస్తోంది. అరిజోనాలోని కిట్‌పీక్ శిఖరం మీద డెసీ అనే పరికరం కోట్లకొద్దీ గెలాక్సీల దూరాలు కొలుస్తోంది. 2024, 2025ల్లో వెలువడిన దాని ఫలితాలు డార్క్ ఎనర్జీ కాలక్రమంలో కాస్త బలహీనపడుతూ ఉండొచ్చన్న సూచన ఇచ్చాయి. ఖాయమని చెప్పడానికి ఆ ఆధారాలు ఇంకా చాలవు. నిజమే అయితే పలచబడని పాలు కూడా పలచబడుతున్నట్టే! విశ్వం చిట్టాలో పెద్ద పద్దుని మళ్లీ మొదట్నుంచీ తిరగరాయాలి.